తడిసిన కుప్ప, ఎండిన కుప్ప

వేసవి వచ్చిందంటే ఆ కొండవాగులో ఇసుక తప్ప ఏమీ మిగలదు. ఇసుక మధ్యలో ఒకే ఒక్క చెలమ. ఎవరు తవ్వారో, ఎప్పుడు తవ్వారో తెలీదు గానీ, ఎంత ఎండ కాసినా అడుగున నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. ఆ చెలమ చుట్టూ ఉన్న పచ్చిక నేలని అక్కడి జంతువులు చెక్కలుగా పంచుకున్నాయి. చెక్కకీ చెక్కకీ మధ్య గోడలు లేవు, కంచెలు లేవు. ఎర్ర లిల్లీ వరసలే హద్దులు.

ఆ హద్దులకి ఒక కట్టుబాటు ఉంది. ఉగాది వెళ్ళాక, వేపపూత రాలే రోజుల్లో, తాబేలు పెద్దాయన చెలమ చుట్టూ ఒకసారి తిరుగుతాడు. ఎవరి వరస పూస్తే వాళ్ళ చెక్క వాళ్ళదే. పూయని వరస ఉంటే ఆ చెక్క పూసిన పొరుగువాడికి పోతుంది. లిల్లీ గడ్డ చలికాలమంతా చచ్చినట్టు పడి ఉంటుంది, అప్పుడు కూడా దాన్ని కనిపెట్టుకుని ఉన్నవాడే నీళ్ళని కనిపెట్టుకుని ఉంటాడని పాతకాలం పెద్దల ఆలోచన. ఆలోచన మంచిదే. తీర్పు చెప్పేవాళ్ళు మంచివాళ్ళయితే ఇంకా మంచిది.

చెలమని ఆనుకుని ఉన్న చెక్క మేక నూకాలుది. దాని పక్కది నక్క గవరయ్యది. నూకాలుకి ఇద్దరు పిల్లలు, అప్పుడే పాలు మానుతున్నవాళ్ళు. తన చెక్కలో ఉన్నంతకాలం వాళ్ళు తన కళ్ళెదుటే నీళ్ళు తాగుతారు. ఆ చెక్క పోతే గవరయ్య చెక్క దాటి, గవరయ్య ముందు నుంచి చెలమకి వెళ్ళాలి. పోయిన ఏడు కుందేళ్ళ వరస పూయకపోతే వాళ్ళ చెక్క గవరయ్య సంపాదించాడు. ఇప్పుడా వాగులో కుందేళ్ళు లేవు.

కార్తీకం వచ్చేసరికి లిల్లీ ఆకులు పసుపు తిరిగాయి. నూకాలు తన వరస పక్కన నిలబడి చూస్తూ ఉంది, అంతే. నక్క గవరయ్య అవతల నుంచి పలకరించాడు.

"ఏంటక్కా, మేకవయ్యుండి ఆకుని చూస్తూ నిలబడ్డావు? ఒంట్లో బాగాలేదా?"

"చేదు ఆకు తమ్ముడూ, నోరు మండుతుంది. తీపిగా ఉన్నా ముట్టను. వాటంతట అవి ఎండాలి."

"ఎండేదాకా దేనికి? ఇవాళ కోసేసి, ఇవాళ తవ్వేస్తే పని అయిపోతుంది గదా."

"ఆకులో ఉన్న సత్తువంతా గడ్డలోకి దిగాలి. పచ్చగా ఉండగానే కోశామంటే పూత కోసినట్టే. అవి ఎండాక తవ్వుతాను."

"అసలు తవ్వడం దేనికి? నేల్లోనే వదిలేస్తే పోలా?"

"ఇది పల్లపు నేల. చలికాలం మంచుకి తడి ఆరదు, కుళ్ళిపోతాయి. పైగా పిల్లగడ్డలు పుట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇరుకులో పూయవు."

గవరయ్య తలూపాడు. వినడం వేరు, నమ్మడం వేరు. ఎదుటివాళ్ళు చెప్పిన దాంట్లో ఎక్కడో ఒకచోట మెలిక ఉంటుందని అతని నమ్మకం, ఎందుకంటే అతను చెప్పేదాంట్లో ఎప్పుడూ ఉంటుంది. ఈవిడ ఆగమంటోందంటే ఆగకూడదన్నమాట అనుకున్నాడు. ఆ మధ్యాహ్నమే పచ్చి ఆకులు కొరికేసి, గడ్డలు తవ్వి, పక్క మడుగులో శుభ్రంగా కడిగాడు. కడిగిన గడ్డలు తెల్లగా మెరుస్తుంటే చూసి ముచ్చటపడ్డాడు. పొలం గట్టున ఎవరో పారేసిన ఎరువుల సంచి ఒకటి లాక్కొచ్చి, అందులో వేసి, గాలి చొరకుండా మూతి బిగించి, బొరియలో లోపలికంటా తోశాడు.

నూకాలు ఆకులు ఎండేదాకా ఆగింది. గిట్టతో మట్టి కదిపి గడ్డలు పైకి తీసింది. కడగలేదు. అంటిన మట్టి నీడలో ఆరాక అదే రాలిపోయింది. పిల్లగడ్డల్ని విడదీసి వేరే పెట్టింది. తల్లిగడ్డల్ని కొండ చరియ కింద, వాన పడని చోట, పొడి ఇసుక మీద ఒకదానికొకటి తగలకుండా పరిచింది. అప్పుడప్పుడూ వెళ్ళి ముట్టెతో దొర్లించేది, మెత్తబడినది కనిపిస్తే తీసి పారేసేది. నీళ్ళచుక్క చూపించలేదు. ఎవరైనా చూస్తే ఎండిపోయిన ఉల్లిపాయలు పరిచిందనుకుంటారు.

అంత జాగ్రత్త పడ్డా ఒక పొరపాటు జరిగింది. మార్గశిరంలో అకాల వాన పట్టింది. చరియ బండలో ఒక చీలిక ఉందని నూకాలుకి తెలీదు. ఆ చీలికలోంచి నీళ్ళు కారి, ఓ పక్కన పరిచిన గడ్డలన్నీ తడిశాయి. వాన వెలిసి ఆవిడ వెళ్ళి చూసేసరికి అవి పచ్చటి మొలకలు వేసేశాయి, అడుగులు మెత్తబడ్డాయి. సగానికి సగం గడ్డలు పోయినట్టే. వాటిని తీసి వేరే కుప్పగా పోసింది. అవి ఆకు వేస్తాయి గానీ ఈ ఏడు పూయవు. ఎక్కడో ఓ మూల పాతితే పై ఏటికైనా కొన్ని నిలబడతాయేమో. మిగిలిన సగాన్నే ఎడం ఎడంగా నాటితే వరస పలచగానైనా పూస్తుంది, పిల్లలకి నీళ్ళు దక్కుతాయి. ఆ లెక్క వేసుకుని కాస్త ఊపిరి పీల్చుకుంది.

మాఘం వచ్చింది, చలి తగ్గింది. గవరయ్య తన సంచి బయటికి లాగి మూతి విప్పాడు. విప్పినవాడు నాలుగడుగులు వెనక్కి తగ్గాడు. లోపల గడ్డలు లేవు. నల్లటి గుజ్జు ఉంది, దాని కంపు వాగు అవతలి గట్టు దాకా వెళ్ళింది.

వరస లేకపోతే పూత లేదు. పూత లేకపోతే తన చెక్కా పోతుంది, కుందేళ్ళ దగ్గర కొట్టేసిన చెక్కా పోతుంది. రెండూ పొరుగునున్న నూకాలుకే పోతాయి. గవరయ్య కాసేపు కూర్చుని ఆలోచించాడు, లేచి ఏదుపంది సోములు దగ్గరికి వెళ్ళాడు.

"సోములు మామా, చిలగడదుంపలంటే నీకిష్టం గదా. ఏటవతల ఒక చేనుంది, కాపలా కుక్క ఎప్పుడు పడుకుంటుందో నాకు తెలుసు."

"నాకేం పని చెప్తావు?" అన్నాడు సోములు. ముళ్ళున్నా మనిషి మొండివాడు కాదు, దుంపల దగ్గర మాత్రం మెత్తనివాడు.

"ఒక్క మాట చెప్పాలి. నేనూ నూకాలూ మా గడ్డలు కలిపి ఆ చరియ కింద దాచామని, నువ్వు చూశావని."

"చూడలేదు గదా."

"చేను కూడా నువ్వింకా చూడలేదు గదా మామా."

సోములు ముళ్ళు ఒకసారి విదిలించుకుని సరే అన్నాడు.

చెలమ దగ్గర పంచాయితీ పెట్టారు. తాబేలు పెద్దాయన వచ్చి కూర్చునేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆయన నెమ్మదిగా నడుస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. అది చూసి అందరూ తెలివైనవాడనుకుంటారు. నాకైతే అంత నమ్మకం లేదు.

"ఏంటి గొడవ?" అన్నాడాయన.

"గొడవేం లేదు తాతా," అన్నాడు గవరయ్య గొంతు మెత్తగా చేసి. "అక్కా నేనూ గడ్డలు ఒకేచోట దాచుకున్నాం. ఇప్పుడు నా సగం నాకివ్వమంటే అన్నీ తనవే అంటోంది. ఆడమనిషి, పిల్లలతల్లి, గట్టిగా అడగలేక నీ దగ్గరికొచ్చాను."

నూకాలు ఓ అడుగు ముందుకేసింది. "తాతా, ఇతని గడ్డలు ఇతని బొరియలోనే కుళ్ళిపోయాయి. కంపు ఇక్కడిదాకా వస్తోంది, నువ్వే చూడు."

"అది ఎలుక కంపు," అన్నాడు గవరయ్య. "నక్క ఇంట్లో ఎలుక కాక మల్లెపూలు ఉంటాయా?"

పెద్దాయన మెడ కొంచెం బయటికి చాపి వాసన చూశాడు. గాలి అటు మళ్ళింది. బొరియ దాకా వెళ్ళి చూద్దామంటే ఆయనకి అది రేపటి పని.

"సాక్షి ఉన్నాడా?" అని అడిగాడు.

సోములు ముందుకొచ్చాడు. "ఉన్నాను తాతా. ఇద్దరూ కలిసి దాచారు. నా కళ్ళతో చూశాను."

"ఎవరి కళ్ళతో చూశావు సోములూ?" అంది నూకాలు. "నా మొహం చూసి చెప్పు."

సోములు నేలకేసి చూస్తూ మళ్ళీ అదే మాట చెప్పాడు.

"ఒక మాట మీద రెండు మాటలు," అన్నాడు తాబేలు. "కట్టుబాటు ప్రకారం రెండు మాటలున్నవైపే తీర్పు. సగం సగం. అడిగినవాడు ముందు ఏరుకోవాలి."

అందరూ చరియ దగ్గరికి వెళ్ళారు. ఇసుక మీద రెండు కుప్పలున్నాయి, రెండూ దాదాపు సమానం. ఒకటి ఎండినది, గోధుమరంగు పొరలు రాలుతూ, ఏ కళా లేకుండా. రెండోది తడిసినది, పచ్చటి మొలకలతో కళకళలాడుతూ. వాటిని చూడగానే గవరయ్య కళ్ళు మెరిశాయి. నూకాలు అది చూసింది. ఎండిన కుప్ప తనకి మిగిలితే పిల్లలు బతుకుతారు. తడిసిన కుప్ప మిగిలితే వేసవిలో వాళ్ళు గవరయ్య ముందు నుంచి నీళ్ళకి నడవాలి. ఆవిడ నోరు మూసుకుని నిలబడింది. దేవుడా, అదే ఏరుకోనీ అనుకుంది.

అక్కడే కట్టుబాటు అడ్డొచ్చింది.

"ఆగు," అన్నాడు తాబేలు పెద్దాయన. "పంచేముందు, దాచినవాళ్ళు సరుకు గుణం చెప్పాలి. ఏది మంచిదో ఏది కాదో ఉన్నదున్నట్టు చెప్పాలి. అబద్ధం చెప్పారని తర్వాత తేలితే చెక్క పోతుంది. ఆ పని నీదే నూకాలూ, ఇసుక మీద ఉన్నవి నీ చేతి మీదుగా దాచినవి."

నిజం చెప్తే ఎండిన కుప్ప గవరయ్య ఎత్తుకుపోతాడు. అబద్ధం చెప్తే, వసంతంలో ఆ గడ్డలే నిజం చెప్పేస్తాయి. ఎటు చూసినా చెలమ దూరమవుతోంది. ఆవిడ గవరయ్య మొహంలోకి చూసింది. ఎన్నేళ్ళుగానో పక్కనే ఉన్న మొహం. కార్తీకంలో తను చెప్పిన ప్రతి మాటకీ తలూపి, ప్రతి మాటనీ తిరగేసి చేసిన మొహం.

"తాతా, ఉన్నది చెప్తున్నాను," అంది, గొంతు వణుకుతూనే. "మంచివి ఆ ఎండినవి. తడి తగలకుండా నిద్రపోయాయి, ఈ ఏడు పూస్తాయి. ఈ మొలకలు వేసినవి వాన నీళ్ళలో తడిశాయి. నిద్ర తీరకుండా లేచాయి, అడుగు మెత్తబడింది. ఇవి పూయవు. తమ్ముడూ, తీసుకునేదేదో ఎండినవే తీసుకో."

గవరయ్య నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళకేసి తిరిగి మరీ నవ్వాడు.

"విన్నారా? చచ్చినవి మంచివట, బతికినవి చెడ్డవట. గొంతు చూడండి ఎలా వణుకుతోందో. అబద్ధం అలవాటు లేనివాళ్ళకి అలాగే వణుకుతుంది. అక్కా, నేనింకా పాలు తాగే పిల్లాణ్ణి అనుకున్నావా?"

"నీ ఇష్టం. అందరి ముందూ చెప్పాను."

"చెప్పావు, విన్నాను. తాతా, నాకు మొలకలున్నవే కావాలి."

తాబేలు పెద్దాయన గడ్డల సంగతి తెలీనివాడేం కాదు. ఒకసారి గవరయ్య వైపు, ఒకసారి కుప్పల వైపు చూశాడు. "ఆలోచించుకున్నావా?" అన్నాడు.

"బాగా."

"మళ్ళీ మార్చుకోడానికి లేదు మరి."

"ఆ మాట ఆవిడతో చెప్పు తాతా. రేపు వచ్చి ఏడవకుండా."

గవరయ్య మొలక గడ్డలు నోట కరుచుకుని విడతలు విడతలుగా తన చెక్కకి చేరవేశాడు. నూకాలు చరియ కింద ఎండిన గడ్డల పక్కన కూలబడి, పిల్లల్ని దగ్గరికి తీసుకుని, చాలాసేపు లేవలేదు. భయం దిగిపోయాక ఒళ్ళు అలా చచ్చుబడుతుంది.

నాటే రోజున ఇద్దరూ పక్కపక్కనే పని చేశారు. నూకాలు తన పెంటే, ఏడాది మాగినది, మట్టిలో కలిపి గుల్ల చేసింది. గడ్డ వేళ్ళ వైపు కిందికి ఉంచి, మెడ మట్టి పైకి కనిపించేలా నాటింది. ఒకసారి మాత్రం నీళ్ళు చూపించి వదిలేసింది.

గవరయ్య గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. "మెడలు బయటే వదిలేశావేంటక్కా, మట్టి చాలలేదా?"

"మెడ మునిగితే నీళ్ళు అందులో నిలిచి గడ్డ కుళ్ళుతుంది తమ్ముడూ. నువ్వూ మెడ బయటికి వదులు. మొగ్గకాడ కనిపించేదాకా నీళ్ళు ఎక్కువ పోయకు."

పంచాయితీ అయిపోయింది, ఇప్పుడు చెప్పాల్సిన అవసరం ఆవిడకి లేదు. అయినా చెప్పింది. గవరయ్య మాత్రం లోపల మురిసిపోయాడు. ఇంత వరకూ అడిగితే తప్ప చెప్పని మనిషి అడక్కుండా చెప్తోందంటే, తన గడ్డలు చూసి కడుపు మండుతోందన్నమాట. వెంటనే జానెడు లోతు గోతులు తవ్వి, మొలకలతో సహా పూడ్చేసి, రోజూ చెలమ నుంచి తోకతో నీళ్ళు మోసి తడిపాడు. ఆ శ్రమ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. బద్ధకస్తుడని గవరయ్యని ఎవరూ అనలేరు.

ముందు గవరయ్య వరసలోనే పచ్చదనం కనిపించింది. మట్టి చీల్చుకుని ఆకులు పైకొచ్చాయి. దారినపోయే ప్రతివాణ్ణీ పిలిచి చూపించాడు. "నూకాలు వరస చూశారా? మట్టిలో బెల్లమచ్చులు పాతిపెట్టినట్టుంది," అనేవాడు. నూకాలు వరసలో నిజంగానే ఏమీ లేదు, మట్టి మీద గోధుమరంగు మెడలు తప్ప. పిల్లలు వెళ్ళి వాటిని మూతితో తోసి చూసి వచ్చేవారు. అవి కదిలేవి కావు. పైకి ఏమీ లేకపోయినా కింద వేళ్ళు దిగుతున్నాయని నూకాలుకి తెలుసు. తెలిసినా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి చూసి వచ్చేది.

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం నూకాలు వరసలో, ఆకు ఒక్కటి కూడా లేకుండా, మెడలోంచి నేరుగా ఒక కాడ లేచింది. దాని కొసన మూసిన మొగ్గ. మరుసటి రోజు దాని పక్కన ఇంకోటి. తర్వాత ఇక ఆగలేదు. వేపపూత రాలేనాటికి ఆ మూల నుంచి ఈ మూల దాకా ఎర్రటి పూలు. వరస పలచగానే ఉంది గానీ ఎక్కడా తెగలేదు.

గవరయ్య వరసలో ఆకులు పచ్చబడడం మానేసి పాలిపోయాయి. ఒకదాన్ని పట్టి లాగితే ఊడి చేతికొచ్చింది, దాని అడుగున సంచిలో చూసిన గుజ్జే.

తాబేలు పెద్దాయన వచ్చి, నెమ్మదిగా తిరిగి, నెమ్మదిగా చూశాడు. "గవరయ్య చెక్కలు రెండూ నూకాలువి," అన్నాడు. సోములు ఆ దరిదాపుల్లో లేడు. చిలగడదుంపల చేలో కుక్క నిద్రపోయే వేళ గవరయ్య చెప్పిన వేళ కాదని, అప్పటికి రెండు రోజుల నుంచి కుంటుతున్నాడని తర్వాత తెలిసింది.

నడివేసవిలో గవరయ్య నాలుక బయటపెట్టుకుని హద్దు దగ్గరికి వచ్చాడు. పూలు రాలిపోయి, లిల్లీకి ఆకులు వచ్చి ఉన్నాయి. చెలమ గట్టున నూకాలు నిలబడి ఉంది, కొమ్ములు ఇటువైపు తిప్పి. పిల్లలిద్దరూ అప్పుడే తాగి ఆవిడ వెనక నీడలో పడుకున్నారు.

"అక్కా, గొంతు ఎండిపోతోంది."

"తాగి వెళ్ళు. నేను ఇక్కడే ఉంటాను."

గవరయ్య వంగి తాగాడు. మూతి తుడుచుకుని లేచాడు గానీ వెళ్ళలేదు. అతన్ని నీళ్ళకన్నా పెద్ద బాధ ఏదో తొలుస్తోంది.

"ఆ రోజు నాకు ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్పాను కదా తమ్ముడూ. అందరి ముందూ చెప్పాను. నాటేటప్పుడు మళ్ళీ చెప్పాను."

"చెప్పావు," అన్నాడు గవరయ్య విసుగ్గా. "నిజం చెప్తున్నావని నాకెలా తెలుస్తుంది?"

గవరయ్య జవాబు కోసం ఆగలేదు, వాగు వెంబడి ఎగువకి వెళ్ళిపోయాడు.

రోజూ మోసం చేసి బతికేవాడు, తనకి ఎవరైనా నిజం చెప్పినా దాన్ని వాడుకోలేడు.